పొయ్యి లేని వంట

"పొయ్యి ముట్టియ్యకుంట జేసినదానికి గొడ్డు గూడ మూతి వెట్టది," అన్నాడు నర్సన్న తాత.

మనవరాలు నిరోష క్రీము బిస్కెట్లు దంచి, పాలు కలిపి, నల్లటి ఉండలు చుట్టి డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టింది. పక్క డబ్బాలో జబ్బుపడ్డ బర్రె కోసం తాత చుట్టిన మందు ఉండలున్నాయి. బోధన్ డాక్టరిచ్చిన మందును బెల్లంలో కలిపినా బర్రె నిన్నటి నుంచి ఉమ్మేస్తూనే ఉంది.

సాయంత్రం తాత కొట్టం నుంచి నవ్వుకుంటూ వచ్చాడు.

"ఇయ్యాల డబ్బ నాకి నాకి తిన్నది బిడ్డా! ఇగ బతికినట్టే!"

నిరోష ఫ్రిజ్ తెరిచింది. మందు ఉండలు అట్లాగే ఉన్నాయి.

"తాతా, గొడ్డు మూతి వెట్టింది. నా ఉండలకు."

తాత తల గోక్కున్నాడు. కాసేపటికి తువ్వాల భుజాన వేసుకొని లేచాడు.

"అవి ఏం బిస్కెట్లు బిడ్డా? నీకో పుడ, దానికో పుడ తెస్త. మందు నడుమల వెట్టి సుట్టు."