ముళ్లపంది కొన్న పెద్ద తెర

అడవి అంచున నక్క మామ కొట్లో రెండే రెండు ల్యాప్‌టాప్‌లు మిగిలాయి. ఒకటి దొన్నెంతే, చవక. రెండోది విస్తరంత, మోయలేనంత బరువు.

"ఒంటికాయ శొంఠికొమ్ములా బతికేవాడివి, నీకు పెద్దదెందుకు అల్లుడూ? చిన్నది ఒళ్లో పెట్టుకుని చూసుకో," అంది నక్క.

ముళ్లపంది చిన్నదాని వంక చూసింది. దాన్ని ఇద్దరు చూడాలంటే భుజాలు రాసుకుంటూ కూర్చోవాలి. కిందటి వానాకాలం చలికి ఓర్వలేక తన దగ్గరికి జరిగిన ఉడత, ముళ్లు గుచ్చుకుని కెవ్వుమని పారిపోయింది. మళ్లీ రాలేదు.

"పెద్దదే ఇవ్వు మామా. దూరానికి కూడా కనపడాలి," అని, ఏడాదంతా దాచుకున్న దుంపలన్నీ ఊడ్చి ఇచ్చేసింది.

పొద్దు వాలగానే బొరియ ముందు రాతి మీద ల్యాప్‌టాప్ తెరిచి, బొమ్మల కథ పెట్టి, తెరను దారి వైపు తిప్పింది. తను ముందుంటే ఎవరూ రారని వెనక్కి వెళ్లి కూర్చుంది.

చాలాసేపటికి ఉడత వచ్చి దూరంగా తంగేడు పొద కింద ఆగింది.

"నువ్వక్కడే ఉండు బావా, నాకిక్కడికి బాగానే కనపడుతోంది," అంటూ కథ చూసి పగలబడి నవ్వింది.

తెర వెనకున్న ముళ్లపందికి కథ కనపడలేదు. వెలుగుపడ్డ ఉడత మొహం కనపడింది. ఛార్జింగ్ అయిపోయేదాకా అదే చూస్తూ కూర్చుంది.