నిప్పుకోడి బ్యాండ్, రెండో చరణం

ఇప్పుడు రాక్ బ్యాండ్లు ఇంటికే వస్తున్నాయి. ఆ సాయంత్రం ఊళ్లో ఇంటింటా నిప్పుకోడి బ్యాండే. మా హాల్లో నలుగురూ వెలుగు బొమ్మలై, నేను ఆరేసిన చీరల మధ్య నిలబడి పాడుతున్నారు. ఒక్క అపశ్రుతి లేదు.

కాలేజీనాటి స్నేహితురాలు హైమ పెదవి విరిచింది. "అప్పట్లో వైజాగ్ బీచ్‌లో వీళ్ల కచేరీ మధ్యలో కరెంటు పోతే రెండో చరణం జనమే పాడారు కదే. అది మళ్లీ వినాలనే ఇంత దూరం వచ్చాను."

"ఇందులో కరెంటు పోదే. అదే దీని గొప్ప," అన్నాను.

మొదటి చరణం అవుతుండగా కిందికి దిగి, అపార్ట్‌మెంటు మొత్తానికీ మెయిన్ స్విచ్ ఆపేశాను.

చీకట్లో మా కిటికీలోంచి హైమ బొంగురు గొంతు రెండో చరణం అందుకుంది. పై అంతస్తు కలిసింది. తర్వాత ఎదురు ఫ్లాటు.

తిట్టడానికి టార్చితో వచ్చిన అపార్ట్‌మెంటు సెక్రటరీగారు పైనుంచి వస్తున్న పాట విని ఆగారు.

"చరణం అయ్యాకే వెయ్యండమ్మా," అన్నారు, టార్చి పైకెత్తి ఊపుతూ.