గోడలు వినని ఇల్లు

ఊరి చివర అరెకరం స్థలంలో అరవై ఏళ్ళ నాటి బంగళా. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేనే కాబట్టి, ఏది కొనాలన్నా జాబితా రాసుకుని పరీక్షించడం నా పని. ఒక్కో గోడా తట్టి చూస్తున్నాను.

"ఇక్కడ గోడలు వింటాయా?" అని నా భార్య హరిణి అడిగింది.

"లేదమ్మా, గప్పటి ఇండ్లల్ల మైకులు యాడివి? కావాలంటే రెండ్రోజుల్ల పెట్టిస్త," అన్నాడు బ్రోకరు సత్తయ్య.

అందరి ఫ్లాట్లలాగే మా ఫ్లాటులోనూ ఎవరైనా ఏడిస్తే గోడలు విని కబురు పంపుతాయి. పది నిమిషాల్లో డాక్టర్లు వచ్చి, మందిచ్చి, మనం నవ్వేదాకా కూర్చుంటారు. రెండు నెలల కిందట మా పాప చనిపోయింది. మేమిద్దరం ఇంతవరకు ఏడవలేదు.

హరిణి వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. కాసేపటికి లోపలినుంచి పెద్దగా ఏడుపు వినిపించింది.

సత్తయ్య కంగారుపడ్డాడు. "అయ్యో, ఏమైంది సార్ మేడమ్‌కు?"

"ఏం కాలేదు. ఇల్లు చూస్తోంది," అన్నాను.

దూలాలన్నీ చెదలు తినేశాయి. కొనడానికి పనికిరాదని జాబితా కింద రాశాను.

"ఏమంటరు సార్, నచ్చిందా?"

"వెనక గది నేనింకా చూడలేదు," అన్నాను. "రేపు వస్తాను."