తిట్టే చుట్టం

సోమవారం ఉదయం పదీ ఇరవైకి, మాలీ రాజధాని బమాకోలోని ఒక టీవీ చానెల్ రెండో అంతస్తులో, డైరెక్టర్ జుమానా కోనే హాస్యనటుడు నూహూం త్రావొరేని పనిలోంచి తీసేశాడు. నూహూం పగలబడి నవ్వాడు.

నవ్వడానికి కారణం ఉంది. త్రావొరే ఇంటిపేరు వాళ్ళకీ కోనే ఇంటిపేరు వాళ్ళకీ తాతముత్తాతల నాటి వేళాకోళపు చుట్టరికం. ఎదురుపడితే బావామరుదుల్లా, అలసందలు మెక్కేవాడివంటూ తిట్టుకోవాలి, కోపం తెచ్చుకోకూడదు; మర్యాద చేస్తే పరాయివాణ్ణి చేసినట్టే. శుక్రవారం వచ్చే హాస్య కార్యక్రమాన్ని నూహూమే రాసి, నూహూమే వేషం కడతాడు. ఈ పద్నాలుగేళ్లలో కోనే అతన్ని వారానికోసారి తీసేస్తూనే ఉన్నాడు.

"సరే, తీసెయ్యి," అన్నాడు నూహూం గుమ్మంలోనే నిలబడి. "శుక్రవారం ఎన్నింటికి రావాలో చెప్పు, అలసందల బస్తా."

"నిజంగానే చెప్తున్నాన్రా. శుక్రవారం లేదు. నీ అరగంటలో టర్కీ సీరియల్ వేస్తున్నారు."

"ఎందుకట?"

"నీ మొహం చూడలేక జనం టీవీలు అమ్ముకుంటున్నారు." అలవాటు కొద్దీ కోనే నోరు జారాడు.

నూహూం ఇంకా గట్టిగా నవ్వాడు.

కోనే సొరుగులోంచి ఉత్తరం తీసి, లోపలికొచ్చిన నూహూంకి ఇచ్చాడు. కింద చైర్మన్ సంతకం, చానెల్ ముద్ర ఉన్నాయి. నూహూం రెండుసార్లు చదివాడు.

"ఒక్క తప్పు కూడా లేదే! కోనేలకి చదువెప్పుడొచ్చిందిరా? ఎవరి కాళ్ళు పట్టుకుని రాయించావు?"

"చైర్మనే రాశాడు."

"నీ తిండి చూసి జాలిపడి ఉంటాడు."

నూహూం సంచీలోంచి నాలుగు వారాల స్క్రిప్టులు తీసి బల్ల మీద పెట్టాడు. అన్నీ చేత్తో రాసినవే. "రెండోదాంట్లో నీకూ వేషం ఉంది. గాడిద. మాటల్లేవులే, భయపడకు."

కోనే వాటిని ముట్టుకోలేదు.

"తిట్టరా, ఊరుకున్నావేం?" అన్నాడు నూహూం. "ఇంటికెళ్తే గోడలు తిట్టవు. శుక్రవారం నుంచి ఇప్పటిదాకా నాతో మాట్లాడినవాడివి నువ్వొక్కడివే. ఈ మోకాళ్ళతో మెట్లెక్కి వచ్చింది దీనికోసమే కదా."

కోనే సొరుగు మూశాడు.

"ఒక్క తిట్టు తిట్టు. ఆ తర్వాత నీ టర్కీ సీరియలే వేసుకో."

కోనే లేచాడు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి టోపీ తీశాడు. రెండు చేతులతో కుర్చీ జరిపాడు.

"త్రావొరే గారూ," అన్నాడు. "దయచేసి కూర్చోండి."