గ్లాసు మూసుకో

“శాండ్‌విచ్‌లు లోపలికి తీసుకెళ్ళకూడదు పెద్దాయనా. బయటి తిండి కుదరదు,” అన్నాడు గేటు కాపలావాడు.

“నలభై ఏళ్ళపాటు ఈ గేటులోంచే ఐసుపెట్టె మోసుకెళ్ళానయ్యా!”

“అప్పటి ఓనరు వేరు. ఇప్పుడు కంపెనీ కొనేసిందిగా.”

లైమన్ శాండ్‌విచ్‌లను చెత్తడబ్బాలో పడేసి, చంకలో రెండు సీటు మెత్తలతో లోపలికి నడిచాడు. ఒకటి తనది, రెండోది మూడేళ్ళ క్రితం పోయిన భార్య కోరాది. కారు రేసులకు రావడం ఇక ఇదే ఆఖరుసారని ఇంటి దగ్గరే తేల్చుకున్నాడు. టిక్కెట్టు ధర చూస్తే కొండెక్కి కూర్చుంది. మూడో మలుపు దగ్గర సగం గ్యాలరీ పీకేసి డబ్బున్నవాళ్ళకి అద్దాల గదులు కట్టారు. పక్కన కూర్చునే పాతవాళ్ళంతా ఒక్కొక్కరే మానేశారు. నిరుడు కంపెనీ అమ్మాయెవరో మైకు పెట్టి పాత రోజుల గురించి అడిగితే, కోరా గురించీ, ఆమె అరుపుల గురించీ చెప్పి చెప్పి ఏడ్చాడు. ఏం లాభం? ఈ ఏడు గ్యాలరీ మరీ బోసిగా ఉంది.

కానీ కోరా సీటు పక్కన ఒకామె కూర్చుని ఉంది. నెత్తిన వెలిసిపోయిన ఎర్ర టోపీ, కాళ్ళ దగ్గర ఐసుపెట్టె.

“దాంతో నిన్నెలా రానిచ్చారమ్మా?”

“నన్నాపే మగాడెవడు? కూర్చోండి, కూర్చోండి.” ఐసుపెట్టెలోంచి సీసా తీసి, రెండు గ్లాసుల్లో సోడా పోసి ఒకటి అతనికిచ్చింది.

పచ్చజెండా ఊగింది. కార్లన్నీ ఒక్కసారిగా మలుపులోకి దూసుకొచ్చాయి.

“గ్లాసు మూసుకోవయ్యా, టైరు తాగి చస్తావు!” అని అరిచిందామె.

లైమన్ ఒళ్ళు జలదరించింది. కార్లు తిరిగినప్పుడల్లా అరిగిన టైర్ల రబ్బరు పొట్టు లేచి గ్లాసుల్లో పడుతుంది. ప్రతిసారీ కోరా ఇలాగే అరిచేది. ఇదే మాట, ఇదే విసురు. గబుక్కున గ్లాసు మీద అరచెయ్యి పెట్టాడు. ఆమె గ్లాసు మాత్రం తెరిచే ఉంది. అందులో నల్లటి పొట్టు పడుతున్నా ఆమె చూసుకోలేదు.

“మా ఆవిడ కూడా అచ్చం ఇలాగే...” అన్నాడు.

“ఈ మలుపులో ఆడవాళ్ళందరిదీ ఒకటే నోరు బాబూ!”

రేసు అయ్యేదాకా కోరా పక్కనే ఉన్నట్టనిపించింది. భయమూ వేసింది, ప్రాణం లేచొచ్చినట్టూ అయింది. తల తిప్పి చూస్తే ఎక్కడ మాయమవుతుందోనని చాలాసేపు అటు చూడలేదు.

“వచ్చే ఏడాదీ వస్తావా అమ్మా?” అనడిగాడు లేస్తూ.

“మనం రాకపోతే ఇంకెవరొస్తారు?”

కిందికి దిగి, బండి బాగుచేయించడానికి దాచుకున్న డబ్బుతో వచ్చే ఏడాది టిక్కెట్టు అక్కడికక్కడే కొనేశాడు. పోతే పోయింది, బస్సులో వస్తాడు. గేటు దాకా వెళ్ళాక, కోరా మెత్త ఆమెకే ఇవ్వాలనిపించి వెనక్కి తిరిగాడు.

గ్యాలరీ వెనక ఆమె, కంపెనీ చొక్కా వేసుకున్న ఒకతనికి టోపీ, ఐసుపెట్టె అప్పజెబుతోంది.

“సార్, రేపటి రేసుకి కూడా మీరు రాసిచ్చిన ఈ మాటలేనా?”