మల్లి కాలు

"నా బాతు కాలు ఇరగ్గొట్టి, ఏమెరుగనట్టు చాయ తాగుతున్నవా హన్మండ్లూ?"

గోడ అవతల హన్మండ్లు చేతిలో గ్లాసు తొణికింది. ఇవతల బాలలక్ష్మి తెల్లటి బాతును చంకనెత్తుకుని నిప్పులు కక్కుతోంది. దాని ఎడమ పాదం బూరెలా ఉబ్బి నల్లబడింది.

"నేను ముట్టనే లేదక్కా!"

"నీ పాలకూర మడిల నోరు వెట్టిందని కట్టె ఇసిరినవు. నువ్వు గాకుంటే ఇంకెవలు? అసలు నీ కండ్లే మంచియి కావు. ఇది పిల్లగున్ననాడే 'ఎంత ముద్దుగున్నదక్కా' అన్నవు!"

"ముద్దుగుంటే అనద్దా?"

"అనద్దు!"

కోరుట్లలో ఆ వాడకట్టంతా గుమిగూడింది. ఆదివారం, పశువుల దవాఖాన బందు. ఇంట్లో బాలలక్ష్మికి తోడున్నది ఆ బాతు, మల్లి ఒక్కతే. బీడీలు చుట్టినంతసేపూ పక్కనే కూర్చుని కబుర్లు వింటుంది. ఆ పాదం చల్లబడుతుంటే ఆమెకు గుండె జారిపోతోంది, జారినకొద్దీ కోపం పెరుగుతోంది.

హన్మండ్లు గోడ దూకి వచ్చాడు. "తిట్టుడు తర్వాత. నేను పట్టుకుంట, నువ్వు కడుగు."

గోరువెచ్చని నీళ్ళలో ఉప్పూ పసుపూ వేసి, బాలలక్ష్మి కాలు కడుగుతూనే తిట్టింది, తిడుతూనే కడిగింది. మల్లిని ఒళ్ళో పెట్టుకుని అతడు తిట్లన్నీ పడ్డాడు.

"కట్టె దెబ్బయితే ఒక్క దిక్కుంటది గదక్కా. గిదేంది, కాలు చుట్టూ కోసుకపోయింది?"

బాలలక్ష్మి వంగి చూసింది. మురికీ చీమూ పోయినచోట, కండలోకి దిగబడి నల్లగా ఏదో కనిపించింది.

"తీగ! ఉచ్చు వెట్టినవా? నోరులేని దానికి ఉచ్చు వెడ్తవా? నీ చేతులు వడిపోను! పోలీసులకు చెప్త!"

హన్మండ్లు మొహం పాలిపోయింది. "నా బిడ్డ మీద ఒట్టక్కా..."

"బిడ్డ మీద ఒట్టొకటి! గట్టిగ వట్టు."

బీడీ ఆకులు కోసే కత్తెర మొన దూర్చి ఆమె దాన్ని టక్కున కత్తిరించి బయటికి లాగింది. ఎర్రటి నెత్తురు చిమ్మింది. మల్లి ఒక్క అరుపు అరిచి, కాసేపటికి వేళ్ళు కదిపింది.

"చూడుండ్రి, అందరు చూడుండ్రి గీయన చేసిన పని!" అంటూ బాలలక్ష్మి ఆ తెగిన ముక్కను కడిగి, చెయ్యెత్తి పట్టుకుంది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది.

అది తీగ కాదు. హన్మండ్లు దిష్టి తగలొద్దని, పిల్లగా ఉన్ననాడు మల్లి కాలికి ఆమే కట్టిన నల్లదారం.