రంగు లేని గోళ్ళరంగు

“గోళ్ళకి వేసుకోని రంగు సీసాలో సగానికి ఎలా దిగిందమ్మా?”

సుబ్బాయమ్మ గుమ్మంలోనే నిలబడి అడిగింది. కోడలు కీర్తిప్రియ ఉలిక్కిపడి సీసాని కొంగు చాటుకి లాక్కుంది. భీమవరంలో ఆడపడుచు మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి బయల్దేరే వేళ. కింద కారు హారన్ కొడుతోంది.

“నీళ్ళలా ఉండే గోళ్ళరంగండి అత్తయ్యగారూ. వేసుకున్నా కనపడదు.”

“కనపడని దానికి నెలకో సీసా ఎందుకో! పైగా మేడెక్కి, తలుపు దగ్గరగా వేసుకుని మరీ.”

“ఇందులో నైట్రోసెల్యులోజ్ ఉంటుందండి. పొయ్యి దగ్గర మూత తీస్తే భగ్గుమంటుంది. వెనకటి సినిమా రీళ్ళు దాంతోనే చేసేవారట.”

“అయితే మా కోడలు గోళ్ళకి మందుగుండు పూస్తోందన్నమాట!”

కీర్తిప్రియ నవ్వలేదు. ఆమె కళ్ళు మాటిమాటికీ మంచం మీది తువ్వాలు వైపు పోతున్నాయి. సుబ్బాయమ్మ విసురుగా వెళ్ళి ఆ తువ్వాలు లాగేసింది. కింద రెండుపేటల హారం. పెళ్ళిలో తాము కోడలికి పెట్టింది. తడితడిగా మెరుస్తోంది, గది నిండా ఉన్న ఘాటు వాసన దాన్నుంచే వస్తోంది.

గిల్టు నగ నల్లబడకుండా ఆడవాళ్ళు పైన ఏం పూస్తారో సుబ్బాయమ్మకి ఒకరు చెప్పాలా? చీరకున్న పిన్నీసు ఊడదీసి బిళ్ళ మీద గట్టిగా గీకింది. పూత లేచిపోయి ఎర్రగా రాగి బయటపడింది.

“అసలుది ఎవరికిచ్చావు? మీ అన్నయ్యకేనా?”

కీర్తిప్రియ సీసా మూత బిగించసాగింది.

“నోరు విప్పు. లేదంటే ఈ కారు భీమవరం వెళ్ళదు, తిన్నగా మీ పుట్టింటికే వెళ్తుంది. మళ్ళీ ఈ గడప తొక్కేది లేదు.”

“ఏంటి ఇంకా? ముహూర్తం దాటిపోతోంది,” అంటూ సుబ్బాయమ్మ భర్త జగన్నాథరాజు మెట్లెక్కి వచ్చాడు.

“చూశారాండీ, మీరు నెత్తిన పెట్టుకున్న కోడలి నిర్వాకం!”

కీర్తిప్రియ మావగారి వైపు ఒక్క క్షణం చూసి చూపు తిప్పేసుకుంది.

“ఆయన్ని చూస్తావేం? ఇవాళ ఆయనా అడ్డం రారు. బంగారం గీకితే ఎలా ఉంటుందో నేను చూపిస్తాను, చూడు.”

సుబ్బాయమ్మ తన మెడలోని కాసులపేరు పైకెత్తి, ఒక కాసుకి పిన్నీసు మొన ఆనించింది.

జగన్నాథరాజు ఒక్క అంగలో వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“అది గీకకు సుబ్బాయమ్మా. మన చెరువులో రొయ్యంతా చచ్చిపోయిన ఏడు, నీదీ ఆ అమ్మాయిదీ నేనే ఒకేరోజు మార్చేశాను.”